రొమ్ముకి అల్ట్రాసౌండ్ రాశారు – లోపల ఏం చేస్తారు, ఎలా వెళ్ళాలి?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్ళు. మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. గడ్డ బయటపడినప్పుడు ఆవిడకి 44, పోయేసరికి 46. నాకూ ఆ వయసు దగ్గరపడుతోందని ఈ మధ్య ధైర్యం చేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చేత్తో చూసి గడ్డలేమీ తగలడం లేదన్నారు. నలభై దాటాయి కదా అని మామోగ్రామ్, అంటే రొమ్ముకి ఎక్స్‌రే, తీయించారు. అందులో ‘డెన్స్’ అని వచ్చింది. ఇప్పుడు రెండు వైపులా అల్ట్రాసౌండ్ చేయించమని చీటీ రాశారు. గురువారం పొద్దున్న వెళ్ళాలి.

చీటీ చేతికొచ్చిన దగ్గర్నుంచి నిద్ర లేదు. ఒక పరీక్ష అయ్యాక ఇంకోటి రాశారంటే ఏదో కనిపించినట్టేనా? పరగడుపున వెళ్ళాలా? నొప్పి ఉంటుందా? చేసేది మగ డాక్టరయితే ఎలా? రిపోర్టు అక్కడికక్కడే చెప్పేస్తారా? మా ఆయనకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చేయించుకున్నవాళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఉద్దానం కొబ్బరితోట (కవిటి)
సోమవారం, రాత్రి 10:05

అమ్మా, భయపడకండి. కిడ్నీ జబ్బుల వల్ల మా వైపు స్కానింగ్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను ఇప్పటికి ఆరుసార్లు చేయించుకున్నాను. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు. పొద్దున్న ఏమీ తినకుండా, లీటరు నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని వెళ్ళండి. అది ఆపుకోవడమే కష్టం, మిగతాదేమీ లేదు.

బొబ్బిలి వీణ
సోమవారం, రాత్రి 10:22

అన్నయ్యా, మీరు చెప్పింది పొట్ట స్కానింగు సంగతి. రొమ్ముకి అవేవీ అక్కర్లేదు. వదినా, మీరు శుభ్రంగా టిఫిన్ తిని వెళ్ళండి. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళయితే అవీ మామూలుగానే వేసుకోవచ్చు.

నాకు రెండేళ్ళ క్రితం చేశారు. ఎలా జరిగిందో చెప్తాను. ముందుగా ఒక సంగతి. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎక్కువమంది గర్భిణులే. ‘ఎన్నో నెల?’ అని ఒకావిడ నన్నడిగితే ఏం చెప్పాలో తోచలేదు, గొంతు పట్టేసింది. గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదు అని పెద్ద బోర్డు. ఇవన్నీ చూసి చోటు తప్పి వచ్చానా అనిపించింది. మీకలా అనిపిస్తే కంగారు పడకండి. మిషన్ అదే, గది అదే, ఒంటి మీద పెట్టే పరికరం మాత్రం వేరు.

లోపల నడుము పైవరకు బట్టలు తీసి, తువ్వాలో దుప్పటో కప్పుకోమంటారు. చీర అయితే సుఖం, జాకెట్టు ఒక్కటి విప్పితే చాలు. చుడీదారు అయితే టాప్ విడిగా ఉన్నది వేసుకోండి, పొడుగు నైటీ లాంటివి వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, చూసే వైపు చెయ్యి తల కిందకి పెట్టుకోమంటారు. కొంచెం పక్కకి తిరగమని వీపు కింద దిండు కూడా పెట్టారు నాకు. ఆ తర్వాత జెల్. ఏసీ గదిలో ఆ జెల్ ఒంటికి తగిలితే గుండె ఝల్లుమంటుంది, అంత చల్లన. అదొక్కటే ఒళ్ళు జలదరించిన క్షణం. సబ్బుముక్కంత పరికరం ఒకటి రొమ్ము మీద గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టూ తిప్పుతారు. చంక కింద కాస్త గట్టిగా నొక్కారు, అక్కడ కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి అనలేం. రెండు వైపులా కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. చివర్లో తుడుచుకోడానికి టిష్యూలు ఇస్తారు, అవి చాలవు. ఒక పాత మెత్తటి గుడ్డ సంచిలో పెట్టుకోండి.

రేడియాలజీ గది (విజయనగరం)
మంగళవారం, ఉదయం 6:50

నేను రేడియాలజిస్టుని. వీణగారు చెప్పింది అక్షరాలా నిజం, ఆ గుడ్డ సంగతితో సహా.

నాగావళిగారూ, మీ మొదటి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మీ నిద్ర పోగొట్టింది అదే. డెన్స్ అంటే జబ్బు కాదు. రొమ్ములో కొవ్వు తక్కువగా, పాలగ్రంథులూ పీచు కణజాలమూ ఎక్కువగా ఉన్నాయని అర్థం. నలభైల్లో ఉన్న చాలామందికి అలాగే ఉంటుంది. మామోగ్రామ్‌లో ఆ కణజాలం తెల్లగా పడుతుంది. గడ్డ ఉంటే అదీ తెల్లగానే పడుతుంది. పాలగిన్నెలో పడిన మల్లెమొగ్గని వెతకడం ఎంత కష్టమో ఇదీ అంతే. అల్ట్రాసౌండ్‌లో చుట్టూ ఉన్న గ్రంథి తెల్లగా, గడ్డ చాలావరకు నల్లగా కనిపిస్తుంది. అందుకని రెండోది రాశారు. ఏదో కనిపించిందని కాదు, ఏదైనా కనపడకుండా ఉండిపోయిందేమో చూడాలని.

జపాన్‌లో 40 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు సుమారు 73 వేల మందితో దీని మీద పెద్ద అధ్యయనం చేశారు, ఫలితాలు 2016లో వచ్చాయి. మామోగ్రామ్ ఒక్కటే అయితే నూటికి 77 క్యాన్సర్లు దొరికితే, అల్ట్రాసౌండ్ కలిపినప్పుడు 91 దొరికాయి. మీ వయసువాళ్ళ లెక్కే ఇది. అయితే దానితో పాటు, ఏమీ లేనివాళ్ళని మళ్ళీ పరీక్షలకి పిలవడం కూడా పెరిగింది. స్కాన్‌లో ఏదో ఒకటి కనపడి, చివరికి అది ఏమీ కాదని తేలడం మా గదిలో రోజూ జరిగేదే. ఈ మాట ముందే తెలిసి ఉంటే మంచిది, అందుకే చెప్తున్నాను.

ఇంకొకటి. స్కాన్ బాగుంటే ఇక మామోగ్రామ్ అక్కర్లేదు అనుకోవద్దు. ఉప్పు రవ్వల్లాంటి సున్నపు చుక్కలు కొన్ని తొలిదశ క్యాన్సర్లకి మొదటి గుర్తు. అవి మామోగ్రామ్‌లో బాగా తెలుస్తాయి, అల్ట్రాసౌండ్‌లో తరచూ తప్పిపోతాయి. ఈ రెండూ ఒకదాని పని ఇంకోటి చేయలేవు.

అల్ట్రాసౌండ్‌కి రేడియేషన్ భయం వద్దు. ఇది మన చెవికి వినపడని శబ్దం, అంతే. లోపలికి వెళ్ళి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బొమ్మగా మారుస్తుంది. మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు, అందుకే ఆ జెల్.

మగ డాక్టరా, ఆడ డాక్టరా అన్నది ముందు రోజే ఫోన్ చేసి అడగండి. మగ డాక్టరయితే గదిలో ఆడ నర్సు ఉండాలని అడిగే హక్కు మీకుంది. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

మా మౌనం గురించి కూడా ఒక మాట. స్క్రీన్ చూస్తూ మేం మాట్లాడకుండా ఉంటే, మధ్యలో ఆగి కొలతలు తీస్తే, పడుకున్నవాళ్ళ ముఖం పాలిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. నీటితిత్తి కనపడినా కొలుస్తాం, చంకలో మామూలు బిళ్ళ కనపడినా కొలుస్తాం. కొలిచినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. అడగండి, ‘ఏం చూస్తున్నారు డాక్టరుగారూ’ అని. నేనైతే చెప్తాను. కొందరు రిపోర్టు రాసిచ్చి, మీకు చీటీ రాసిన డాక్టరమ్మనే అడగమంటారు. దానికీ కంగారు పడవద్దు. పాత మామోగ్రామ్ ఫిల్ములు, సీడీ తప్పకుండా తీసుకెళ్ళండి.

ఉద్దానం కొబ్బరితోట
మంగళవారం, ఉదయం 8:15

తెలియక చెప్పాను, క్షమించండమ్మా. స్కానింగులన్నీ ఒకటే అనుకున్నాను.

పాతపట్నం రోడ్డు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

డాక్టరుగారూ, మీరు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా దగ్గర ఒక ల్యాబ్ వాళ్ళు ఆదివారం క్యాంపు పెడుతున్నారు. ఒకే స్కాన్‌తో మెడ నుంచి పొత్తికడుపు దాకా క్యాన్సర్ ఉందో లేదో చెప్పేస్తాం అని కరపత్రాలు పంచారు. మా అమ్మకీ నాన్నకీ చేయిద్దామనుకుంటున్నాను. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు, ముందు జాగ్రత్తకే. మంచిదేనా?

చుట్ట మానిన ఇల్లు (ఎచ్చెర్ల)
మంగళవారం, మధ్యాహ్నం 3:10

తమ్ముడూ, డాక్టరుగారి జవాబుకి ముందు నా మాట వినండి. మా అమ్మ ముప్పై ఏళ్ళు అడ్డపొగ పీల్చింది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మన జిల్లాలో పెద్ద ఆడవాళ్ళందరికీ తెలిసిందే. మూడేళ్ళ క్రితం ఊళ్ళో ఇలాంటి క్యాంపే పెడితే అమ్మని తీసుకెళ్ళాను. పొట్టకి స్కాన్ చేశారు, థైరాయిడ్‌కి చేశారు. ‘అంతా నార్మల్, క్యాన్సర్ లేదు’ అని కాగితం ఇచ్చారు. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచుకుంది. అప్పటికే అంగిట్లో తెల్లమచ్చ, దాని మధ్య చిన్న పుండు ఉన్నాయి. కారం తగిలితే మంట అని అంటూనే ఉంది. నేనే ‘మొన్ననే నార్మల్ అన్నారు కదమ్మా’ అని నోరు మూయించాను. ఎనిమిది నెలలు అలా పోయాయి.

నోరు తెరిచి టార్చి వేసి చూసినవాళ్ళు ఆ క్యాంపులో ఒక్కరు లేరు. తర్వాత ఒక పళ్ళ డాక్టరు ముప్పై సెకన్లలో చూసి చిన్న ముక్క తీయాలన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్, రేడియేషన్ అయ్యాయి. అమ్మ ఉంది, మెత్తగా కలిపిన అన్నం తింటుంది. ఆ ఎనిమిది నెలలు మాత్రం నన్ను వదలవు.

రేడియాలజీ గది
మంగళవారం, రాత్రి 9:15

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తప్పు కాదు. క్యాన్సర్ లేదు అని ఆ కాగితం మీద రాయడమే తప్పు. పొట్ట స్కాన్ చేసినవాళ్ళు పొట్టలో ఆ రోజు కనపడినంతవరకే చెప్పగలరు. అంగిలి పుండుకి కావలసింది మంచి వెలుతురు, చూసే కన్ను, అనుమానం ఉంటే ముక్క పరీక్ష. మెడలో బిళ్ళలు ఉబ్బాయా లేదా చూడడానికి తర్వాత అల్ట్రాసౌండ్ ఉపయోగపడుతుంది గానీ, అసలు జబ్బుని మొదట పట్టేది అది కాదు. అడ్డపొగ అలవాటున్న ప్రతి పెద్దావిడ నోరూ ఏటా ఒకసారి టార్చి వేసి చూడాలి.

పాతపట్నం తమ్ముడూ, ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి ఒళ్ళంతా స్కాన్ చేసి క్యాన్సర్ వెతకడం వల్ల మేలు జరుగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. అండాశయ క్యాన్సర్ కోసం బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించారు. స్కాన్లు చేయించుకున్నవాళ్ళలో మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. థైరాయిడ్ సంగతి ఇంకా విచిత్రం. దక్షిణ కొరియాలో ఆరోగ్య పరీక్షలతో పాటు మెడ స్కాన్లు కూడా విపరీతంగా చేయడంతో, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993లో కంటే పదిహేను రెట్లయ్యాయి. చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం మారలేదు. అంటే జీవితాంతం ఏమీ చేయని చిన్న చిన్న గడ్డల కోసం ఎందరి మెడలనో కోశారన్నమాట.

అల్ట్రాసౌండ్ నిజంగా క్రమం తప్పకుండా చేయాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. లివర్ గట్టిపడినవాళ్ళకి, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళలో డాక్టరు చెప్పినవాళ్ళకి, ఆరు నెలలకొకసారి లివర్ స్కాన్ చేయాలి. దానికి మాత్రం ఆరేడు గంటలు ఏమీ తినకుండా రావాలి, తింటే పిత్తాశయం ముడుచుకుపోయి సరిగ్గా కనపడదు. ఉద్దానం అన్నగారి పరగడుపు సలహా అక్కడ సరిగ్గా సరిపోతుంది. మీ అమ్మగారిదీ నాన్నగారిదీ వయసెంత, చుట్ట, సారా అలవాట్లేమైనా ఉన్నాయా చెప్పండి, దాన్ని బట్టి మాట్లాడుకుందాం.

గరివిడి సిస్టర్
మంగళవారం, రాత్రి 10:00

నేను ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ముప్పై దాటిన అందరికీ మేం ఊళ్ళోనే ఉచితంగా చూసేవి ఇవి: బీపీ, షుగరు, నోరు. ఆడవాళ్ళకి వీటితో పాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. అనుమానం ఉంటే పీహెచ్‌సీకి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపిస్తాం. మేం ఇంటికి వెళ్తే నోరు చూపిస్తారు గానీ రొమ్ము చూస్తామంటే చాలామంది ‘నాకేటీ లేదమ్మా’ అని లోపలికి వెళ్ళిపోతారు. బతిమాలి తలుపు వేసి చూస్తాం. దయచేసి మమ్మల్ని చూడనివ్వండి.

రేడియాలజీ గది
మంగళవారం, రాత్రి 10:20

సిస్టర్‌గారి పనికి నా తరఫున ఒక సాక్ష్యం. ముంబైలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేస్తూ వచ్చారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, యాభై దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు ముప్పై శాతం తగ్గాయి. మిషన్ లేదు, కరెంటు లేదు, చెయ్యి మాత్రమే.

నాగావళి ఒడ్డు
గురువారం, సాయంత్రం 6:35

అయిపోయింది. లేడీ డాక్టరే. జెల్ దగ్గర వీణగారు గుర్తొచ్చారు. ‘ఏం చూస్తున్నారు’ అని అడిగాను కూడా, ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు.

కానీ రిపోర్టులో ఒకటి వచ్చింది. ఎడమ రొమ్ము, 2 గంటల స్థానం, 9 మిల్లీమీటర్లు, అండాకారం, అంచులు స్పష్టంగా ఉన్నాయి, ఫైబ్రోఅడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కావచ్చు, బైరాడ్స్ 3, ఆరు నెలల్లో మళ్ళీ చూడాలి. మా ఆయన ఆ రెండు గంటలు ఏమిటని గంటసేపు వెతికారు. ఇప్పుడు అత్తయ్యకీ తెలిసిపోయింది. ‘గడ్డ పెట్టుకుని ఆరు నెలలు కూర్చుంటావా, రేపే తీయించేసుకో’ అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది. నా చెయ్యి అస్తమానం అక్కడికే పోతోంది.

బొబ్బిలి వీణ
గురువారం, సాయంత్రం 6:50

వదినా, నాదీ అప్పుడు 3 అనే వచ్చింది. ఆరు నెలలకి, ఏడాదికి, రెండేళ్ళకి చూపించాను. రవ్వంత కూడా పెరగలేదు. పోయిన నెలలో 2 అని రాసిచ్చారు. మొదటి ఆరు నెలలు కష్టం, కాదనను.

రేడియాలజీ గది
గురువారం, రాత్రి 9:30

రెండు గంటలంటే రొమ్ముని గడియారంలా ఊహించుకుని చెప్పే చోటు. మళ్ళీ చూసే డాక్టరుకి అదే గడ్డ దొరకడానికి అలా రాస్తాం. మీకు ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి కనిపించే గడియారం అది. మీ ఎడమ రొమ్ములో రెండు గంటలంటే పైన, చంక వైపు.

బైరాడ్స్ అంటే రొమ్ము పరీక్షల్లో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పడానికి మేం వేసే అంకె, 0 నుంచి 6 దాకా ఉంటుంది. 1, 2 అంటే దిగులు లేదు. 3 అంటే దాదాపు ఖాయంగా మామూలు గడ్డే, క్యాన్సర్ అయ్యే అవకాశం రెండు శాతం లోపు. 4, 5 అయితే ముక్క పరీక్ష చేయాలి. 0 అంటే ఇంకో పరీక్ష కావాలని. 6 అప్పటికే క్యాన్సర్ అని తేలినవాళ్ళకి. మీ గడ్డ అడ్డంగా పడుకున్న గుడ్డులా ఉంది, అంచు నున్నగా ఉంది. క్యాన్సర్ గడ్డలు ఎక్కువగా అంచులు గరుకుగా, అడ్డం కంటే నిలువు ఎక్కువగా ఉంటాయి.

ఆరు నెలలు ఆగడమంటే వదిలేయడం కాదు. పెరుగుతుందా లేదా అన్నదే ఇక్కడ పరీక్ష, దానికి కాలం కావాలి. అయినా మీ కుటుంబ చరిత్ర వల్ల మనసు కుదుటపడకపోతే, సర్జన్‌తో మాట్లాడి సూదితో ముక్క పరీక్ష చేయించుకోవచ్చు, అది తప్పేమీ కాదు. గడ్డ మొత్తం కోసి తీయడం మాత్రం ఇప్పుడు అక్కర్లేదు. ఈలోగా గడ్డ పెద్దదయినట్టు అనిపించినా, చర్మం లోపలికి లాగినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఆరు నెలలు ఆగవద్దు, వెంటనే వెళ్ళండి.

ఒకటి అడగాలి. మీ పెద్దమ్మగారికి కూతుళ్ళున్నారా?

నాగావళి ఒడ్డు
గురువారం, రాత్రి 9:48

ఒక్కతే. మా అప్ప. రాజాంలో ఉంటుంది. ఆమెకి ఇప్పుడు 45. ఇంతవరకు ఏ పరీక్షా చేయించుకోలేదు. ‘అమ్మని చూశాను చాలు, నాకు తెలియకపోతేనే మంచిది’ అంటుంది.

రేడియాలజీ గది
గురువారం, రాత్రి 10:05

అయితే నా దిగులు మీ గురించి కంటే ఆమె గురించి ఎక్కువ. మీకు పెద్దమ్మ, ఆమెకి కన్నతల్లి. తల్లికి 44లో వచ్చింది కాబట్టి పదేళ్ళ ముందు నుంచే, అంటే 34 నుంచే ఆమెకి పరీక్షలు మొదలుకావాల్సింది. ఆలస్యమైందని తిట్టకండి. ముందు డాక్టరమ్మకి చూపించి మామోగ్రామ్, అవసరమైతే స్కాన్. వంశపారంపర్యంగా వచ్చే రకమేమో తెలుసుకునే రక్తపరీక్ష అవసరమా అన్నది కూడా అక్కడే అడగండి. అగనంపూడిలో టాటావాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ అడగవచ్చు.

గరివిడి సిస్టర్
గురువారం, రాత్రి 10:12

అమ్మా, ఫోన్లో చెప్తే రారు. ఇంటికి వెళ్ళండి. ఇంకొకరి కోసం తోడు రమ్మంటే వస్తారు, మా అనుభవం.

నాగావళి ఒడ్డు
ఆదివారం, రాత్రి 8:20

నిన్న రాజాం వెళ్ళాను. పెద్దమ్మ మాట ఎత్తలేదు. నా రిపోర్టు ఆమె చేతిలో పెట్టి, ‘అప్పా, నాకు ఆరు నెలల తర్వాత మళ్ళీ ఉంది, ఒక్కదాన్నే వెళ్ళలేను’ అన్నాను. చాలాసేపు ఆ కాగితమే చూసింది. 2 గంటలంటే ఏమిటని అడిగింది. నా జాకెట్టు మీదే వేలు పెట్టి చూపించాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, గారెల పిండి రుబ్బుతూ అక్కడి నుంచే అడిగింది, ‘జెల్ అంత చల్లగా ఉంటుందా?’ అని.

బుధవారం మా డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. పొద్దున్న ఏడు గంటల బస్సుకి వస్తానంది. పెద్దమ్మ పాత కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయట, అవీ తెమ్మన్నాను. డాక్టరుగారూ, అవి పదిహేనేళ్ళ నాటివి, పనికొస్తాయా?

రేడియాలజీ గది
ఆదివారం, రాత్రి 8:41

తప్పకుండా పనికొస్తాయి. ముక్క పరీక్ష రిపోర్టు ఉంటే అన్నింటికంటే పైన పెట్టండి.